పేరు పెట్టాక అది ‘అది’ కాదు



ఈ నెల మీతో పంచుకోవాలనుకున్న విషయం సిలబస్‌లో లేదు. అయినా కొన్ని వారాలుగా మా నాలుగో తరగతిలో తెలుగు, ఇంగ్లీషు, ఈవీఎస్ మూడూ దాని చుట్టే తిరిగాయి. ఇంటికి కొత్తగా వచ్చిన కుక్కపిల్లకో పిల్లిపిల్లకో పేరు ఎలా పెట్టాలన్నదే ఆ విషయం. ఇదేమంత పెద్ద సంగతని మీరు అనుకోవచ్చు. ఒక శనివారం వరకు నేనూ అలాగే అనుకున్నాను.

శనివారం చివరి పీరియడ్ మాకు ‘షో అండ్ టెల్’. ఆ రోజు అంశం ‘మై పెట్’. ఒక్కొక్కరూ లేచి ఐదు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పాలి. టైగర్, టామీ, స్నూపీ, రెండు కోళ్లు, ఒక మేకపిల్ల అయిపోయాక ఒక బాబు వంతు వచ్చింది. “ఐ హావ్ ఎ డాగ్. ఇట్ ఈజ్ స్మాల్. ఇట్ హాజ్ నో నేమ్” అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఎందుకు పెట్టలేదని అడిగాను. బాబు తెలుగులోకి వచ్చేశాడు.

“నాన్న పెట్టొద్దన్నడు మేడం. పేరు పెడితే మళ్ల ఇడిసిపెట్టరాదట.”

నవ్వులు ఆగిపోయాయి. దానికి ఏం చెప్పాలో నాకూ వెంటనే తోచలేదు. మన కుకునూరుపల్లి పక్క నుంచి రాజీవ్ రహదారి పోతుంది. దాని అంచున, ధాబాల దగ్గర, చేన్ల గట్ల మీద తల్లి లేని కుక్కపిల్లలు మీరూ చూసే ఉంటారు. ఈ బాబుకు దొరికింది అలాంటిదే. మక్క చేను గట్టు మీద వణుకుతూ ఉంటే స్కూలు బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చాడట.

తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో ఆ తండ్రే నా దగ్గరికి వచ్చారు. “కిరాయి ఇల్లు మేడం. ఓనర్ ఏమంటడో తెల్వదు. మా ఆమెకు కుక్కలంటే భయం. నాలుగు రోజులు పాలు పోసి మళ్ల చేన్ల ఇడిసిపెడ్దామనుకున్న. పేరు పెడితే పిలగాడు ఇడువనియ్యడు” అన్నారు. ఆయన మాటల్లో దయలేనితనం నాకు కనిపించలేదు. పేరుకు ఎంత బలం ఉందో మా అందరికంటే ఆయనకే బాగా తెలుసనిపించింది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

వ్యాకరణం ఏమంటుంది?

మన తెలుగులో మగవాళ్లను చెప్పే మాటలు మహద్వాచకాలు, ఆడవాళ్లను చెప్పేవి మహతీ వాచకాలు, జంతువులను, వస్తువులను చెప్పేవి అమహద్వాచకాలు. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం చదివిన వాళ్లకు ఇవి గుర్తుండే ఉంటాయి. అంటే వ్యాకరణం ప్రకారం కుక్కా, కుర్చీ ఒకే గుంపు. రెండూ ‘అది’. ఇంగ్లీషులోనూ ఊరూ పేరూ తెలియని కుక్క ‘ఇట్’.

ఇంట్లో మాత్రం ఈ సూత్రం నిలవదు. పేరు లేనప్పుడు ఆ బాబు “అది నా చెప్పు కొరికింది మేడం” అనేవాడు. పేరు పెట్టిన మర్నాడు అదే నోటితో “వాడు నా ఇంకో చెప్పు గూడ కొరికిండు మేడం” అన్నాడు. ఎవరూ నేర్పలేదు. ఇంగ్లీషు నోట్‌బుక్‌లో కూడా ‘ఇట్’ కొట్టేసి ‘హి’ అని రాసుకున్నాడు. సర్వనామాల పాఠం నేను రెండు పీరియడ్లు చెప్పినా ఇంత బాగా ఎక్కేది కాదు.

పిల్లలకు పేరు పెట్టే అవకాశం ఇవ్వమని నేను అడగడానికి మొదటి కారణం ఇదే. పేరు పెట్టిన బిడ్డ ఆ ప్రాణిని బొమ్మల లెక్కలో నుంచి తీసి ఇంట్లో వాళ్ల లెక్కలో కలుపుతుంది. ఆ తర్వాత ‘వాడు తిన్నాడా?’ అనే ప్రశ్న దానంతట అదే వస్తుంది.

కుక్క చెవికి ఏం వినిపిస్తుంది?

పేరు మనకు నచ్చితే సరిపోదు, దానికి తెలియాలి. అమెరికాలో సౌత్ కరోలినాలోని వోఫర్డ్ కాలేజీలో పనిచేసి రిటైరైన సైకాలజీ ప్రొఫెసర్ జాన్ పిల్లీ దగ్గర చేజర్ అనే బోర్డర్ కోలీ కుక్క ఉండేది. 1,022 బొమ్మల పేర్లు అది నేర్చుకుంది. ఏ పేరు చెబితే ఆ బొమ్మే తెచ్చేది. ఈ పరిశోధన 2011లో అచ్చయింది. పద్ధతి మాత్రం చాలా మామూలుది. ఒక బొమ్మకు ఒకే పేరు, ఆ పేరు మార్చకుండా మళ్లీ మళ్లీ చెప్పడం, రోజూ గంటల తరబడి ఆటలా ఆడటం.

మనింట్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. పేరు ‘బ్రూనో’ అని పెడతాం. నాన్న ‘బ్రూ’ అంటాడు, అక్క ‘బ్రూనూ బంగారం’ అంటుంది, నానమ్మకు ఆ పేరు నోరు తిరగక ‘బూరె’ అంటుంది. పది రోజులైనా కుక్క తిరిగి చూడకపోతే దానికి తెలివి లేదంటాం. మనం దానికి నాలుగు పేర్లు పెట్టామన్నది గుర్తురాదు.

గొంతు సంగతి కూడా ఉంది. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోని ఎత్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కుక్కలకు కదలకుండా పడుకోవడం నేర్పించి, ఎంఆర్‌ఐ స్కానర్‌లో వాటి మెదడును చూశారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. మెచ్చుకునే మాటను మెచ్చుకునే గొంతుతో చెప్పినప్పుడే కుక్క మెదడులో సంతోషానికి సంబంధించిన భాగం బాగా స్పందించింది. మాట మంచిదై గొంతు ముభావంగా ఉన్నా, గొంతు తియ్యగా ఉండి మాట అర్థం లేనిదైనా ఆ స్పందన రాలేదు.

అందుకే కుక్కను శిక్షణ చేసేవాళ్లు ఒక మాట గట్టిగా చెబుతారు. పేరు పిలిచి తిట్టొద్దు. పేరు వినపడితే మంచి జరుగుతుందని దానికి అనిపించాలి. తిట్టినప్పుడల్లా పేరు వాడితే, పేరు వినగానే మంచం కిందికి దూరుతుంది.

ఇది రాస్తుంటే నాకు మా క్లాసు గుర్తొచ్చింది. అటెండెన్స్‌లో నేను పిల్లలను రోల్ నంబర్లతో పిలుస్తాను. పూర్తి పేరు పెట్టి పిలిచేది ఎక్కువగా హోంవర్క్ చేయనప్పుడే. ఆ సోమవారం నుంచి హాజరు పేర్లతో తీసుకుంటున్నాను. రెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది. ఇంట్లో మీరు మీ బిడ్డ పేరును ఒక రోజులో ఎన్నిసార్లు, ఏ గొంతుతో పిలుస్తారో ఒకసారి గమనించండి.

రాసి చూడొద్దు, పిలిచి చూడండి

తెలుగులో పేరు కాగితం మీద ఒకలా, పిలుపులో ఒకలా ఉంటుంది. రాముడు అనే పేరు పిలుపులో ‘రామా’ అవుతుంది. మోతి ‘మోతీ’ అవుతుంది. దీన్నే మన వ్యాకరణంలో సంబోధన ప్రథమా విభక్తి అంటారు. ‘ఓ, ఓయి, ఓరి, ఓసి’ అని మనమందరం బట్టీ పట్టిందే. కుక్క ఏ రోజూ మన పేరును కాగితం మీద చూడదు. దానికి తెలిసింది పిలుపు ఒక్కటే. అందుకే పేరును వాకిట్లో నిలబడి గొంతెత్తి పిలిచి చూడాలి.

ఇది మా క్లాసు నేర్చుకున్న తీరు చెబుతాను. ఇంటి ఓనర్ రాత్రిపూట బోరు దగ్గర కట్టేసుకోమని ఒప్పుకున్నాక, ఆ తండ్రి “సరే మేడం, మీ క్లాసుల్నే పేరు పెట్టుండ్రి” అన్నారు. పిల్లలు ఎగిరి గంతేశారు. మక్క చేను దగ్గర దొరికింది, రంగు కూడా ఎండిన మక్కలాగే ఉంది కాబట్టి ‘మక్క’ అని పెడతానన్నాడు బాబు. బోర్డు మీద రాశాను. చిన్నగా, ముద్దుగా ఉంది. అందరికీ నచ్చింది.

“ఇప్పుడు పిలిచి చూడు” అన్నాను. బాబు కిటికీ దగ్గరికి వెళ్లి గట్టిగా పిలిచాడు. “మక్కా! మక్కా!”

మూడో బెంచీలో ఒక పాప లేచి నిలబడింది. “మేడం, మా దాదీ పోయినేడు మక్కా పోయొచ్చింది” అంది నెమ్మదిగా. అంతే అంది. కోపంగా అనలేదు, ఫిర్యాదులా కూడా అనలేదు. క్లాసులో సగం మందికి అర్థం కాలేదు. హజ్ అంటే ఏమిటో, మక్కా ముస్లింలకు ఎంత పవిత్రమైన ఊరో ఆ పాపనే చెప్పమన్నాను. చెప్పింది. బాబు ముఖం చిన్నబోయింది. “నేను మక్కలని అన్న మేడం, మక్కా అనలే. అయితే ఈ పేరు వద్దు” అన్నాడు.

ఆ బాబు మనసులో ఏ తప్పూ లేదు. రాతలో కూడా తప్పు లేదు. పిలుపులో మాత్రం పక్కింటివాళ్లకు రోజుకు పదిసార్లు గుచ్చుకునే మాట తయారైంది. పిలవకుండా పెట్టేసుంటే మాకెవరికీ తెలిసేది కాదు.

తర్వాత మళ్లీ పేర్లు చెప్పారు. గింజ, చుక్క, జొన్న, కంది. చివరికి ‘కంకి’ దగ్గర ఆగారు. బాబు మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లాడు. “కంకీ!” ఈసారి ఆ పాపే ముందు చప్పట్లు కొట్టింది.

ఇంగ్లీషు టీచరుగా నాకు కూడా ఆ పేరు నచ్చింది. రెండక్షరాలే. ‘క’ లాంటి గట్టి శబ్దం దూరం నుంచి కూడా విడిగా వినిపిస్తుంది. చివర అచ్చు ఉంది కాబట్టి సాగదీసి పిలవొచ్చు. ఇంట్లో రోజూ వాడే వేరే మాటతో కలవదు.

ఈ చివరిది మనం ఎక్కువగా మరిచిపోతాం. ‘ముద్దు’ అని పేరు పెట్టి, చెప్పు కొరికినప్పుడు ‘వద్దు’ అంటే కుక్కకు రెండూ ఒకేలా వినిపిస్తాయి. ‘జో’ అనే పేరుకూ ‘నో’ అనే ఆజ్ఞకూ అదే చిక్కు. ‘కిట్టు’ అని పెట్టి ‘సిట్’ అన్నా అంతే. ‘బుజ్జి’, ‘చిన్నా’, ‘కన్నా’ అని మీరు మీ పిల్లలనే పిలుస్తుంటే ఆ పేర్లు కుక్కకు పెట్టకండి. అన్నానికి పిలిస్తే ఇద్దరూ వస్తారు. పక్కింటి అన్న పేరు రాజు అయితే కుక్కకు ‘రాజు’ పెట్టకండి. “రాజూ, ఇటు రారా, కూర్చో” అని మీరు అరిచిన రోజు గోడ అవతల ఆయన ఏమనుకుంటాడో ఆలోచించండి.

ఇంకో జాగ్రత్త. పిల్లలు కొన్నిసార్లు క్లాసులో పడని పిల్లవాడి పేరు కుక్కకు పెడతారు. నవ్వులాటగానే పెడతారు. కుంటిదని, గుడ్డిదని, నల్లదని వెక్కిరింపు పేర్లు కూడా పెడుతుంటారు. పిచ్చికుక్క అని ముద్ర వేసి కొట్టడం అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. ఏ పేరైనా ఎదుటి మనిషి ముందు నిలబడి ధైర్యంగా పిలవగలిగేలా ఉండాలని చెప్పండి. పిల్లలకు అంతకంటే వివరణ అక్కర్లేదు.

ఒక వాడకట్టు, ఆరు భాషలు

మా పిల్లలకు ఒక పని ఇచ్చాను. మీ వాడకట్టులో ఉన్న కుక్కల పేర్లన్నీ రాసుకుని రండి, ఏ పేరు ఏ భాషదో కనుక్కోండి అని. వచ్చిన జాబితా చూస్తే చిన్న చరిత్ర పాఠంలా ఉంది.

టామీ అంటే థామస్‌కు ముద్దుపేరు. ఇంగ్లీషు సిపాయిలను కూడా ఆ పేరుతోనే పిలిచేవారు. మోతి అంటే ఉర్దూలో, హిందీలో ముత్యం. షేరు అన్నదీ ఆ వైపు నుంచి వచ్చిందే. సీజర్ రోమ్ పాలకుడి పేరు. లియో అంటే లాటిన్‌లో సింహం. బ్రూనో పాత జర్మన్ మాట, గోధుమ రంగు అని అర్థం. స్నూపీ చార్లెస్ షుల్జ్ గీసిన ‘పీనట్స్’ కామిక్‌లో 1950లో పుట్టిన కుక్క. భైరవ సంస్కృతం. కాలభైరవుడికి కుక్కే వాహనం.

అన్ని భాషలూ ఉన్నాయి, తెలుగు పేరు ఒక్కటీ లేదు. పిల్లలే కనిపెట్టారు ఆ మాట. ముత్యం, చుక్క, గింజ, మెరుపు, మబ్బు లాంటివి మనవి కావా? ఇంగ్లీషు మీడియం బడిలో ఇంగ్లీషు టీచర్ ఈ మాట అనడం మీకు వింతగా అనిపించొచ్చు. ఇంటి భాషలో మాటల నిధి ఉన్న పిల్లలకే రెండో భాష త్వరగా పట్టుబడటం నేను రోజూ చూస్తున్నాను.

పేరుకు కథ ఉంటే పిల్లలు మరిచిపోరు. మాస్కో వీధుల్లో తిరిగిన ఒక కుక్కను 1957 నవంబర్ 3న స్పుత్నిక్ 2లో అంతరిక్షంలోకి పంపారు. దాని పేరు లైకా. రష్యన్‌లో మొరిగేది అని అర్థం. అది తిరిగి రాలేదు. జపాన్‌లో చనిపోయిన యజమాని కోసం షిబుయా స్టేషన్ దగ్గర ఏళ్ల తరబడి ఎదురుచూసిన హచికో పేరులో ‘హచి’ అంటే ఎనిమిది. 1935లో అది చనిపోయింది. దాని విగ్రహం ఇప్పటికీ ఆ స్టేషన్ ముందు ఉంది.

మన దగ్గర ఇంకా పాత కథ ఉంది. కుక్కను మనం గ్రాంథికంగా సారమేయం అంటాం. ఆ మాట ‘సరమ’ అనే పేరు నుంచి పుట్టింది. సరమ దేవతల కుక్క. మహాభారతం ఆదిపర్వం మొదట్లోనే ఆమె వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ కొడుకు వెళ్తే, రాజు తమ్ముళ్లు ఏ తప్పూ చేయని ఆ పిల్లను కొట్టారు. తల్లి నేరుగా రాజు దగ్గరికి వచ్చి, తప్పు చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. నన్నయ భారతంలోనూ ఈ కథ ఉంది. ఒక తల్లి పేరు మొత్తం జాతికి పేరైంది.

పిల్లికి పేరెందుకు?

“కుక్క అయితే వస్తది. పిల్లి పిలిస్తే రాదు గదా, దానికి పేరెందుకు?” అని ఒక అమ్మ నన్ను అడిగారు. మా అమ్మమ్మ ఇంట్లో పిల్లికి కూడా పేరు లేదు. పాలగిన్నె చప్పుడే దానికి పిలుపు.

టోక్యోలోని సోఫియా విశ్వవిద్యాలయానికి చెందిన అత్సుకో సైటో బృందం 2019లో దీనికి జవాబు ఇచ్చింది. పిల్లికి ముందు అదే పొడవున్న నాలుగు వేరే మాటలు వినిపించారు. వాటికి అది అలవాటు పడి పట్టించుకోవడం మానేసింది. ఐదోసారి దాని పేరు వినిపించారు. చెవులు కదిలాయి, తల తిరిగింది. కొత్త మనిషి గొంతుతో పేరు వినిపించినా గుర్తుపట్టాయి. చాలా పిల్లులను కలిపి పెంచే కేఫ్‌లో ఉన్నవి మాత్రం తమ పేరుకూ పక్క పిల్లి పేరుకూ తేడా అంతగా చూపలేదు. అంటే పిల్లికి తన పేరు తెలుస్తుంది. రావాలా వద్దా అన్నది దాని ఇష్టం. టీనేజ్ పిల్లలున్న తల్లిదండ్రులకు ఇది నేను వివరించక్కర్లేదు.

పేరు పెట్టే సాయంత్రం

మీ ఇంటికి కొత్త ప్రాణి వస్తే ఇలా చేసి చూడండి.

మొదటి రెండు రోజులు పేరు పెట్టకండి. పిల్లలను గమనించమనండి. రంగు, నడక, ఏది చూసి భయపడుతోంది, ఎక్కడ పడుకుంటోంది అన్నవి నోట్‌బుక్‌లో తెలుగులో మూడు వాక్యాలు, ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాయమనండి.

మూడో రోజు సాయంత్రం అందరూ కూర్చోండి. ప్రతి ఒక్కరూ ఒక పేరు చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. నానమ్మకు, తాతకు కూడా వంతు ఉండాలి. వాళ్లకు నోరు తిరగని పేరు పక్కన పెట్టండి. పగలంతా దానితో ఇంట్లో ఉండేది వాళ్లే.

మిగిలిన రెండు మూడు పేర్లను వాకిట్లో నిలబడి పిలిచి చూడండి. ఇంటి పక్కవాళ్లను కూడా అడగండి.

పేరు తేలాక, అందరూ అదే పేరును అదే తీరుగా పిలవాలని ఒప్పందం చేసుకోండి. పేరు పిలవడం, అది తిరిగి చూడగానే ఒక చిన్న ముక్క తినిపించడం, అంతే. రోజుకు కొద్ది నిమిషాల చొప్పున చేయిస్తే పిల్లలకు ఓపిక కూడా అలవాటవుతుంది.

దొరికిన కుక్కకు అప్పటికే వేరే ఇంట్లో పేరు ఉండి, ఆ పేరు మీకు తెలిస్తే మార్చకండి. అన్నీ మారిపోయిన చోట దానికి తెలిసిన మాట అదొక్కటే.

పేరు తర్వాత వచ్చే పనులు

పేరు పెట్టిన వారంలోనే పశువుల దవాఖానకు తీసుకెళ్లండి. టీకా కార్డు మీద పేరు రాసే పని మీ బిడ్డకు ఇవ్వండి. కుక్కపిల్లకు మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి. తర్వాత డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు, ఆపైన ఏటా. నట్టల మందు, మిగతా టీకాల సంగతి కూడా అప్పుడే అడగండి.

పేరున్న కుక్క కరిచినా కరిచినట్టే. మన కుక్కే కదా, ఆటలో పన్ను తగిలింది కదా అని వదిలేయొద్దు. పన్ను దిగినా, గోరు గీరినా గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, పసరు ఏదీ పెట్టొద్దు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. డాక్టరు ఇచ్చిన సూదుల తేదీల్లో ఒక్కటి కూడా తప్పకూడదు. రేబిస్ లక్షణాలు కనిపించాక బతికించే మందు లేదు. ముందే టీకా వేసుకుంటే మాత్రం ఆపగలం. కరిచిందని ఇంట్లో చెబితే కుక్కను వదిలేస్తారన్న భయంతో పిల్లలు దాచిపెట్టే ప్రమాదం ఉంది. చెప్పినందుకు ఎవరినీ ఎక్కడికీ పంపించమని ముందే మాట ఇవ్వండి.

పెంచుకున్న జంతువును ఆకలికి, దాహానికి గురయ్యేలా కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ప్రాణుల పట్ల కరుణ చూపడం మన రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెప్పే ప్రాథమిక విధుల్లో ఒకటి. సోషల్ పాఠంలో మార్కుల కోసం చదివే ఆ వాక్యం అర్థం కావడానికి మన వాకిలి కంటే మంచి చోటు లేదు.

పేరు పెట్టకపోతే వదిలేయొచ్చా?

ఆ బాబు తండ్రి మాటకు నా దగ్గర జవాబు దొరకడానికి చాలా రోజులు పట్టింది. చివరికి దొరికింది కూడా భారతంలోనే. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది ఒక కుక్క. తమ్ముళ్లు, ద్రౌపది దారిలోనే పడిపోయారు. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమన్నాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి రానన్నాడు ధర్మరాజు. ఆ కుక్కకు కథలో ఎక్కడా పేరు లేదు.

పేరు లేదు కాబట్టి వదిలేయొచ్చని ధర్మరాజు అనుకోలేదు. మన వెంట వచ్చిన రోజే బాధ్యత మొదలైంది. పేరు ఆ బాధ్యతను మనకు గుర్తు చేస్తుంది, అంతే. అందుకే మీ వల్ల కాదనుకుంటే అసలు ఇంటికి తెచ్చుకోవద్దని కూడా అంతే గట్టిగా చెబుతాను. పుట్టినరోజు కానుకగా కుక్కపిల్లను కొనేముందు, అది పది పన్నెండేళ్లు మీతో ఉంటుందని లెక్క వేసుకోండి. మీ నాలుగో తరగతి బిడ్డ కాలేజీ పూర్తి చేసే దాకా అన్నమాట. వద్దనుకోవడం తప్పు కాదు. ఆ మాట తెచ్చుకోకముందే అనుకోవాలి.

మొన్న ఆ తండ్రి మళ్లీ కలిశారు. పని మీద వచ్చే ఏడాది వేరే ఊరికి మారాల్సి రావచ్చట. అక్కడ కిరాయి ఇంట్లో కుక్కను ఒప్పుకోకపోతే ఊళ్లో తాత దగ్గర, గొర్ల కొట్టంలో ఉంచుతామన్నారు. తాతను ముందే అడిగి ఒప్పించారట. “చేన్ల ఇడిసిపెడ్దామనుకున్నోన్ని మేడం. ఇప్పుడు రోజు ఫోన్ చేసి కంకి తిన్నడా అని అడుగుతనేమో” అని నవ్వారు.

చేనులో వదిలేసిన పేరులేని కుక్కపిల్ల గురించి ఎవరినని అడుగుతాం? ఏమని అడుగుతాం? కంకి గురించి అయితే అడగొచ్చు.

ఈ నెల ఇంటిపని

మీ ఇంట్లో లేదా మీ వాడకట్టులో ఉన్న ఒక జంతువు పేరు, ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది మీ బిడ్డ చేత తెలుగులో ఐదు, ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాయించి పంపండి. పేరు లేనిది ఉంటే, మీరంతా కూర్చుని ఒకటి పెట్టండి. పంపే ముందు ఒకసారి వాకిట్లో నిలబడి పిలిచి చూడటం మరవకండి.